ఒంటిమడత ఎక్కడ పుట్టింది

"అన్నా, రవ్వంతసేపు కాలు కదిలించగాకు."

అనంతపురం క్లాక్ టవర్ దగ్గర, టీ బంకు ముందు, పట్టపగలు పదిమంది చూస్తుండగా ఒక అమ్మాయి గొంతుక్కూర్చుని ముక్కూ మొహం తెలియని మగవాడి ప్యాంటు అంచుకు టేపు పెట్టి కొలుస్తోంది. ఆ అమ్మాయి పేరు ఫిర్దోస్. ఊరు శింగనమల. అనంతపురంలో హాస్టల్లో ఉండి ఎం.ఏ. జర్నలిజం చదువుతోంది. సిగ్గు లేదా అంటే ఉంది. ఏదైనా తెలుసుకోవాలన్న దురద పుట్టినప్పుడు మాత్రం ఆ సిగ్గు చెప్పాపెట్టకుండా ఊరెళ్ళిపోతుంది.

ఆ కాలి యజమాని టీ ఒలకకుండా గ్లాసు పైకెత్తి పట్టుకున్నాడు.

"ఏమ్మా, ఇండ్లు కొలిచేటోళ్ళను చూసినా, పొలాలు కొలిచేటోళ్ళను చూసినా. కాళ్ళు కొలిచేటోళ్ళను ఇప్పుడే చూస్తాండా."

"రీసెర్చ్ అన్నా."

"కాళ్ళ మీదనా?"

"మడత మీద."

ఆ మడత సంగతి తెలియనివాళ్ళు అనంతపురంలో ఆ ఏడాది ఎవరూ లేరు. కుర్రాళ్ళు జీన్స్ ప్యాంటు కుడికాలు మాత్రం రెండంగుళాలు పైకి మడుస్తారు. ఎడమకాలు దాని మానాన దాన్ని వదిలేస్తారు. వాళ్ళకు 'ఒంటిమడత బ్యాచ్' అని పేరొచ్చింది. ఆ పేరు కాలేజీలో తిట్టు, ఇళ్ళలో అంతకంటే పెద్ద తిట్టు. ఆటోల వెనక స్టిక్కరు, సెలూన్ బోర్డు మీద 'ఒంటిమడత కటింగ్'. జుట్టుకు మడత ఎక్కడుంటుందని ఒక్కరూ అడగలేదు.

ఫిర్దోస్ అడిగింది. ఆమె థీసిస్ అంతా దానిమీదే. జీన్స్ అన్న మాట ఇటలీలో ఒక రేవు పట్నం పేరు నుంచి వచ్చిందని చదివింది. డంగరీ అన్నది బొంబాయి డోంగ్రీ పేట నుంచి సముద్రం దాటిందని చదివి రెండు రోజులు కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పింది. అంత దూరంవాటికి పుట్టుక తెలిసినప్పుడు, పక్క వీధిలో పుట్టినదానికి తెలియకపోతే ఎలా?

"ఎవరు, ఎప్పుడు, ఎందుకు. ఈ మూడూ లేని థీసిస్ నా టేబుల్ మీద పెట్టొద్దు" అన్నారు గైడ్ హేమావతి మేడం.

బస్టాండులో పండ్లమ్మే మారెక్కను అడిగింది. "బురదలో నడిచేటప్పుడు ఎత్తుకుంటారు పాపా" అంది మారెక్క.

"అనంతపురంలో బురద యాడుండాది అవ్వా?"

మారెక్క ఎండకు తెల్లబడ్డ ఆకాశం వైపు చూసి, "అదీ నిజమే" అని ఒక జామకాయ చేతిలో పెట్టింది.

బండి కిక్కు రాడ్డుకు తగలకుండా మడుస్తారన్నాడొక ఇంజనీరింగ్ కుర్రాడు. ఇప్పుడన్నీ సెల్ఫ్ స్టార్టే కదా అంటే ఆలోచనలో పడ్డాడు. కొరియా నుంచి వచ్చిందన్నారు ఇంకొందరు. వాళ్ళ దగ్గర ఏ ఆధారమూ లేదు, నమ్మకం మాత్రం గట్టిగా ఉంది.

మాటలతో లాభం లేదని ఫిర్దోస్ టేపు కొన్నది. నలభై మంది కాళ్ళు కొలిచింది. నలభైకి నలభైలో మడిచిన కుడికాలు ఎడమకాలి కంటే రెండంగుళాలు పైకి ఉంది. ఇప్పుడు ఈ నలభై ఒకటో మనిషి కాళ్ళు చూసి నోరు తెరిచింది. మడత ఉంది, కానీ రెండు కాళ్ళూ సమానంగా ఉన్నాయి.

"అన్నా, ఈ ప్యాంటు యాడ కుట్టించినావు?"

నవ్వుతున్న మనిషి నవ్వు ఆపాడు. సగం టీ బల్లమీద పెట్టేసి, పనుందంటూ బండెక్కి వెళ్ళిపోయాడు. ప్యాంటు గురించి అడిగితే పారిపోయే మనిషిని ఫిర్దోస్ అదే మొదటిసారి చూడడం.

"వాడు షఫీవుల్లా కదమ్మా" అన్నాడు టీ బంకు రంగన్న. "పాతూర్లో షావలి టైలర్స్. నాయనా కొడుకులు ఇద్దరే. వాళ్ళమ్మ రమీజా ఇంటికాడ కాజాలు కుడ్తాది."

మర్నాడు ఫిర్దోస్ చుడీదార్ గుడ్డ పట్టుకుని ఆ అంగట్లో దిగింది. ముందు బల్ల దగ్గర షఫీ. వెనక మిషను ముందు వాళ్ళ నాయన షావలి, తలవంచుకుని కుడుతూ. గిరాకీ ఉన్నంతసేపు షావలి లేవడు. ఏం కావాలన్నా కొడుకే అందిస్తాడు.

"ఆది తెచ్చినావా మేడం?" అన్నాడు షఫీ, నిన్న ఏమీ జరగనట్టు.

కొలతకని తెచ్చిన ఆది చుడీదార్ బల్లమీద పెట్టి, "తెచ్చినా. ఒంటిమడత ఎవురు మొదలుపెట్టినారు?" అంది.

అతను వెనక్కి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "బళ్ళారి నుంచి ఒక పిల్లోడు వచ్చిండె. వాడు మడిచిండె. అంతే."

ఫిర్దోస్ బళ్ళారిలో చదువుతున్న నేస్తం ఆశ్రితకు ఫోన్ చేసింది. "ఈడ యావడన్నా ఒక్కకాలు మడిస్తే, మీ అనంతపురమోని మాదిరి ఉండావని నవ్వుతారు" అంది ఆశ్రిత. ఆ కథ అక్కడ చచ్చింది.

రెండోసారి చుడీదార్ చేతులు వదులుగా ఉన్నాయని వచ్చింది. కుడికాలికి దెబ్బ తగిలి కట్టు కట్టుకుంటే అట్లా మడిచానన్నాడు షఫీ. ఏ డాక్టరు కట్టాడంటే పేరు గుర్తు రాలేదు. కట్టు ఎన్నాళ్ళుందంటే రెండు దినాలన్నాడు, కాసేపటికి రెండు నెలలన్నాడు.

"అబద్ధం చెప్పేదానికన్నా రవ్వంత ఓపిక ఉండల్ల" అంది ఫిర్దోస్.

"నీకు నిజం ఎందుకు మేడం? మడిస్తే బాగుంటాది, మడుస్తారు."

"బాగుంటే రెండు కాళ్ళూ మడుస్తారు గదా?"

షఫీ దారం కొరికాడు. కొరుకుతూ నవ్వాడు. ఆ నవ్వు చూసి ఫిర్దోస్ తర్వాత అడగాల్సిన ప్రశ్న మర్చిపోయింది.

మూడోసారి చేతులు బిగువు. నాలుగోసారి మళ్ళీ వదులు. ఐదోసారి ఏం వంక చెప్పాలో తోచక, "చూసిపోదామని వచ్చినా" అనేసి నాలుక కరుచుకుంది. అన్నా అని పిలవడం ఎప్పుడో మానేసింది. మడత పుట్టుక కోసం ఎంత తిరుగుతోందో, ఆ మనిషి కోసం కూడా అంతే తిరుగుతోందని ఆ రోజు హాస్టల్ మెట్లెక్కుతూ తనే ఒప్పుకుంది. ఒప్పుకున్నాక భయం వేసింది, సంతోషం కూడా వేసింది.

ఆరోసారి వాన వచ్చింది. అనంతపురంలో వాన పడితే జనం ఇళ్ళలోంచి బయటికి వచ్చి చూస్తారు. వీధి వీధంతా అరుగుల మీద నిలబడింది. షఫీ, ఫిర్దోస్ అంగడి రేకు కింద నిలబడ్డారు. షావలి అసర్ నమాజుకని మసీదుకు వెళ్ళాడు.

ఫిర్దోస్ నోట్‌బుక్ తీసింది. "నలభై మంది మడిస్తే కుడికాలు పొట్టి అయితాది. నువ్వు మడిస్తే సమానమైతాది. నీ మాదిరి ఇంకో ఇద్దరు దొరికినారు. ఇద్దరూ ప్యాంట్లు ఈ అంగట్లోనే కొన్నారు. అంటే మొదటి ప్యాంట్లకు కుడికాలే రెండంగుళాలు పొడుగు. తప్పు కటింగ్. మిగతా ఊరంతా ఆ తప్పును చూసి మడుస్తాండారు. అవునా, కాదా?"

షఫీ రేకు అంచు నుంచి కారే నీళ్ళకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"తప్పు కాదు" అన్నాడు. "అది మా నాయన కొలత."

ఫిర్దోస్ పెన్ను ఆగిపోయింది.

"చిన్నప్పుడు ఆయనకు పోలియో. ఎడమకాలు రెండంగుళాలు పొట్టి. కుంటుతాడని నాకు తెలుసు, ఊరందరికీ తెలుసు. ప్యాంటు కూడా అట్లే కోసుకుంటాడని మాత్రం నాకు తెల్దు. తన బట్టలు తనే కోసుకుంటాడు, తనే కుట్టుకుంటాడు, ఎవురినీ ముట్టుకోనీడు. దర్జీ కొడుకునై ఉండి, మా నాయన ప్యాంటు ఒక్కరోజు చేత్తో పట్టి చూడలేదు."

షఫీ మిగతాది కూడా చెప్పాడు. పోయినేడు షావలి పెనుకొండ ఉరుసుకు వెళ్ళి చుట్టాలింట్లో నెలరోజులుండిపోయాడు. అదే సమయానికి కొత్తచెరువులో ఒక బట్టల అంగడి నుంచి అరవై జీన్స్ ఆర్డరు వచ్చింది. షఫీ సొంతంగా కత్తెర పట్టిన మొదటి పెద్ద పని. మామూలుగా ఒక కాలి కొలతకు కోసిపెట్టుకున్న అట్ట చాలు, దాన్నే తిప్పిపెట్టి రెండో కాలు కోస్తారు. ఆ రోజు గోడ మేకుకు తగిలించి, నడుము 32 అని రాసిన అట్టలు దొరికాయి, రెండు కాళ్ళకూ వేరువేరుగా. పెద్ద ఆర్డర్ల కోసం నాయన అలా పెట్టుకున్నాడేమో అనుకున్నాడు. బట్ట పొరలు పొరలుగా పరిచి ఒక్కసారే అరవై కోసేశాడు. ఇస్త్రీ చేసేటప్పుడు కాలు మీద కాలు పెడితే గానీ తేడా తెలియలేదు. అవి నాయన తన ప్యాంటుకు కోసుకున్న అట్టలని అప్పుడు అర్థమైంది.

"ఎంత కత్తిరించల్నో చూద్దామని ఒకటి ఏసుకుని కుడికాలు మడిచినా. సరిగ్గా అప్పుడే కాలేజీ పిల్లోళ్ళు వచ్చి, ఇదేం స్టైల్ అన్నా అన్నారు. తప్పు కోసినా అని చెప్పేదానికి నోరు రాలేదు. కొత్తది, ఇప్పుడిదే నడుస్తాండాది అన్నా. తొమ్మిది దినాల్లో అరవై అయిపాయ. ఆర్డరుకు మళ్ళీ కొత్తగా కోసి పంపినా."

నాలుగు నెలలు ఊరంతా తిరిగి వెతికింది ఇదే. ఎవరు, ఎప్పుడు, ఎందుకు, మూడూ ఈ రేకు కిందే ఉన్నాయి.

"ఇది రాయగాకు" అన్నాడు షఫీ.

ఆమె తలెత్తి చూసింది.

"చిన్నప్పుడు నాయన చెయ్యి పట్టుకుని బజార్లో పోతాంటే కుంటి షావలి అని పిలుస్తాండ్రి. ఆయన వినపడనట్లే నడుస్తాండె. నా చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంటాండె. నలభై ఏండ్లు కుట్టుకుని దాచుకున్న సంగతి అది. నేను దాన్ని ఊరందరికీ తొడిగినా. ఆయనకు తెలిస్తే నన్ను చూసి నవ్వేదానికి చేసినావా అంటాడు. ఏమని చెప్తా?"

ఫిర్దోస్ నోట్‌బుక్ మూసింది. మూయడానికి మనసు రాలేదు, అయినా మూసింది.

"పుట్టుక తెలీలేదని రాస్తా."

"నీ థీసిస్?"

"అదేమైనా కానీ. నువ్వు వద్దంటే రాయను, అంతే."

షఫీ ఏదో అడగబోయి ఆగాడు. "ఇంత అడిగినాంక ఇంకొకటి అడిగితే బాగుండదు" అన్నాడు.

"అడుగు, ఏం పర్వాలేదు."

"వద్దులే" అన్నాడు. వాన కూడా అప్పుడే ఆగిపోయింది. ఇక నిలబడ్డానికి ఇద్దరి దగ్గరా వంక లేకుండా పోయింది.

హేమావతి మేడం చివరి పేజీ చదివి కళ్ళద్దాలు తీశారు. "తెలియలేదా? నలభై కాళ్ళు కొలిచిన పిల్లకు తెలియలేదా? వారం గడువిస్తున్నా. తెలుసుకునిరా, లేకపోతే వచ్చే ఏడు చూద్దాం."

ఆ మాట ఫిర్దోస్ షఫీకి చెప్పలేదు. మళ్ళీ మళ్ళీ ఎదురుపడితే నోరు జారుతానేమోనని, చుడీదార్ తెచ్చుకుని ఇక అటు వెళ్ళకూడదనుకుని పాతూరు వెళ్ళింది. షఫీ బట్ట తేవడానికి రాయదుర్గం వెళ్ళాడట. అంగట్లో షావలి ఒక్కడే ఉన్నాడు.

ఇచ్చేవాళ్ళు ఇంకెవరూ లేరు కాబట్టి ఆయన లేచాడు. మిషను నుంచి బీరువా దాకా, బీరువా నుంచి బల్ల దాకా నడిచాడు. చూడకూడదని ఫిర్దోస్ ఎంత అనుకున్నా కళ్ళు ప్యాంటు అంచుల మీదికే పోయాయి. నాలుగు నెలల అలవాటు.

షావలి అది గమనించాడు.

"చూడు పాపా, పర్వాలేదు. నువ్వు కాళ్ళు కొలిచే పిల్లవంట గదా."

"మాస్టర్, నేను..." ఫిర్దోస్ చూపు తిప్పుకుంది.

"థీసిస్‌లో ఏం రాసినావు?"

"తెలీలేదని రాసినా."

"తెలిసి కూడానా?"

ఫిర్దోస్ తల దించుకుంది. షావలి కుర్చీ లాక్కుని బల్లకు అటువైపు కూర్చున్నాడు.

"ఉరుసు నుంచి వచ్చి బస్టాండులో దిగినా. ముగ్గురు పిల్లోళ్ళు నా ప్యాంట్లు ఏసుకుని పోతాండారు. మడిస్తే మాత్రం నా కొలత నాకు తెల్దా? కన్నకొడుకే నన్ను నవ్వులాటకు పెట్టినాడు అనుకున్నా. మూడు దినాలు వాని మొగం చూడలేదు. నాలుగో దినం మేకు చూసినా. నా అట్టలు తలకిందులుగా తగిలించిండాడు. నవ్వేదానికి చేసేటోడైతే నాకు తెలీకుండా ఎట్లుండేవి అట్లే పెట్టిండేటోడు. తెలీక చేసినాడని అప్పుడు తెలిసిపాయ."

"మరి షఫీతో చెప్పలేదేమి?"

"చెప్తే వాడు ఏడుస్తాడు. వాడు ఏడిస్తే నేను చూడలేను." షావలి వీధిలోకి చూశాడు. "ఈ ఊర్లో రెండు కాళ్ళు సమానంగా లేనోణ్ణి నేనొక్కన్నే అనుకుంటాంటి పాపా. యాభై ఏండ్లు అట్లే అనుకుంటి. ఇప్పుడు ఈడ కూచుంటే గంటకు ఇరవై మంది పోతాండారు, ఒక కాలు ఎత్తు, ఒక కాలు దింపు. దుడ్లిచ్చి మరీ కొనుక్కుని పోతాండారు. నవ్వు వస్తాది. ఒకోసారి కండ్లల్లో నీళ్ళు కూడా వస్తాయి. రాయి. నా పేరు పెట్టే రాయి."

గడపలో ఏదో ధబ్బున పడింది. జీన్స్ బట్ట మూట. దాని వెనక షఫీ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో గానీ మొహమంతా తడిగా ఉంది.

"నాయనా" అన్నాడు. వచ్చి షావలి మోకాళ్ళ దగ్గర కూలబడి, ఆ ఎడమకాలు రెండు చేతులా పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. షావలి కొడుకు తలమీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

"అట్ట మేకుకు సరిగ్గా తగిలించేది ఎప్పుడు నేర్చుకుంటావురా" అన్నాడు చివరికి.

ఫిర్దోస్ కళ్ళు తుడుచుకుని మెల్లగా బయటికి జారుకోబోయింది.

"పాపా, మీ నాయన ఆదివారం ఇంట్లో ఉంటాడా?"

"ఉంటాడు మాస్టర్. ఎందుకు?"

"ఈ చుడీదార్ చేతులు మా వాడు మూడుసార్లు విప్పి కుట్టినాడు. నలభై ఏండ్ల నుంచి కుడ్తాండా, ఏ బట్టా మూడుసార్లు చెడిపోదు. వాడు అడిగేదానికి భయపడతాండాడు గానీ, నేనూ రమీజా శింగనమలకు వస్తే మీవాళ్ళు కూచోమంటారా?"

షఫీ నేలచూపులు చూశాడు. ఫిర్దోస్ చెవులదాకా ఎర్రబడింది.

"శనివారం వైవా ఉండాది. అయినాంక చెప్తా" అని పరుగులాంటి నడకతో వీధి మలుపు తిరిగింది. చుడీదార్ బల్లమీదే ఉండిపోయింది.

శనివారం డిపార్ట్‌మెంట్ హాలు నిండిపోయింది. ఒంటిమడత పుట్టుక చెబుతారంటే ఆ బ్యాచ్ మొత్తం వచ్చి కూర్చుంది. చివరి వరసలో షావలి, పక్కన షఫీ. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ బాలసుబ్రహ్మణ్యం గారు ముందు బల్ల దగ్గర కాగితాలు తిప్పుతున్నారు.

ఫిర్దోస్ అంతా చెప్పింది. అరవై ప్యాంట్లు, రెండంగుళాలు, పోలియో, తెలియక చేసిన పొరపాటు, దాన్ని కప్పడానికి చెప్పిన ఒక్క మాట. షావలి పేరు చెప్పినప్పుడు హాల్లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. నవ్వుతారేమోనని షఫీ పిడికిళ్ళు బిగించాడు. ఎవరూ నవ్వలేదు. మడత పెట్టిన కుర్రాడొకడు లేచాడు.

"మాస్టర్, నాకు అసలు కొలతతో ఒకటి కుట్టిస్తావా?"

"అసలు కొలత నాదప్పా" అన్నాడు షావలి. "అంగడికి రా, నీకు నీది కుడ్తా."

కుర్రాళ్ళు బల్లలు చరిచారు. బాలసుబ్రహ్మణ్యం గారు కూడా నవ్వి, కాగితాల్లో ఒకచోట ఆగారు.

"సమాచారం ఇచ్చినవాళ్ళ జాబితా ఉంది. ఒక్కొక్కరు మీకు ఏమవుతారో రాశారు. మారెక్క, పరిచయం. రంగన్న, పరిచయం. షావలి గారి పేరు ఎదుట ఖాళీ వదిలేశారు. మర్చిపోయారా?"

"లేదు సార్. ఏం రాయాలో తేల్చుకోలేక వదిలేశాను."

"ఇప్పుడు తేలిందా?"

ఫిర్దోస్ చివరి వరస వైపు చూసింది. షఫీ ముందు వరస కుర్చీ పట్టుకుని సగం లేచి ఉన్నాడు. ఆమె బల్ల దగ్గరికి నడిచి, పెన్ను తీసి ఆ ఖాళీలో ఒక మాట రాసింది. ఎగ్జామినర్ కళ్ళద్దాలు సర్దుకుని పైకి చదివారు.

"మామ."

హాలంతా గోలయిపోయింది. హేమావతి మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. షఫీని పక్కవాళ్ళు భుజాలు పట్టి ఊపుతున్నా అతనికి తెలియడం లేదు, ఫిర్దోస్‌నే చూస్తున్నాడు.

షావలి లేచాడు. ముప్పై వరసల మధ్య దారిలో, అన్ని కళ్ళూ చూస్తుండగా, తన నడక తను నడుస్తూ ముందుకు వచ్చాడు. కుంటు దాచుకోలేదు, తొందరపడలేదు. గోల దానంతటదే తగ్గిపోయింది. కుర్రాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. బల్ల దాకా వచ్చి ఆయన ఫిర్దోస్ తలమీద చెయ్యి పెట్టాడు.

"రేపు పదిగంటల బస్సుకు వస్తాం తల్లీ. మీ నాయనకు ఫోన్ చేసి చెప్పు."